పవర్ ఆప్షన్స్ అన్న

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో తెలుగు కుర్రాళ్లుండే మేడ ఏదైనా సరే, అందులో ఒక అన్న ఉంటాడు. గేట్‌కో ఇంజనీరింగ్ సర్వీసెస్‌కో చదువుకుందామని మనకంటే రెండు మూడు బ్యాచ్‌ల ముందు దిగి, మెట్ల పక్క గదిలో పాతుకుపోయిన మనిషి. బేర్ సరాయ్‌లో ఏ షాపువాడు నోట్సు మరకల్లేకుండా జిరాక్సు తీస్తాడో, ఆదివారం ఆంధ్రాభవన్ బిర్యానీకి ఎన్నింటికి బయల్దేరాలో, ఇంటి ఓనరు అద్దె పెంచుతానన్నప్పుడు హిందీలో ఎలా దీనంగా మొహం పెట్టాలో కొత్తవాళ్లకు నేర్పేది ఆయనే. ఇవన్నీ పక్క వ్యాపకాలు. మేడలోని ల్యాప్‌టాప్‌లన్నిటినీ వేళకు పడుకోబెట్టడం, వేళ కాని వేళ లేవకుండా చూడటం అసలు వృత్తి.

గదిలోకి వస్తూనే మన మొహం చూడడు, ల్యాప్‌టాప్ మూత చూస్తాడు.

“ఇది స్లీపా, హైబర్నేటా?”

“ఏమో అన్నా, మూసేశా.”

ఈ ముక్క అన్నామా, ఆ పూట చదువు గోవిందా. మంచమ్మీద బాసింపట్టు వేసుకు కూర్చుంటాడు. “మూయడం వేరు, పడుకోబెట్టడం వేరు తమ్ముడూ. స్లీపంటే రైల్లో సీటు మీద తువ్వాలేసి టీకి దిగడం. హైబర్నేటంటే సామానంతా క్లోక్‌రూములో పెట్టి రసీదు పుచ్చుకోవడం.” మాట మోటుదే గానీ విషయం సరైనదే. స్లీప్‌లో మన పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది, ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉండాలి. బ్యాటరీ అడుగంటితే, సేవ్ చేయనిదంతా పోయినట్టే. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైలులోకి దిగి, మిషను పూర్తిగా ఆగిపోతుంది. పండక్కి ఊరెళ్లొచ్చి తెరిచినా వదిలిన చోటే ఉంటుంది.

“మరి నా మెనూలో హైబర్నేట్ లేదన్నా” అంటే ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ దారి ఆయనకు కంఠోపాఠం: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ, ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్. “అనవైలబుల్ అని రాసేదీ వాడే, నొక్కితే తెరిచేదీ వాడే. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగావు కదా, నీకు కొత్తేముంది?” అంటూ హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టి, సేవ్ ఛేంజెస్ నొక్కి, చేతులు దులుపుకుంటాడు.

ఆయన వైద్యానికి లొంగని కేసు లేదు. ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన కుర్రాడు న్యూఢిల్లీలో దిగేసరికి బ్యాగు వేడెక్కి, బ్యాటరీ సున్నా అయింది. అన్న కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ అని కొట్టి, తల పంకించాడు. “1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కూర్చుని ఏసీపీఐ అని పద్ధతిగా రాసుకున్నాయి. ఎస్‌0 మెలకువ, ఎస్‌3 నిద్ర, ఎస్‌4 హైబర్నేట్, ఎస్‌5 షట్‌డౌన్. నీ కొత్త మిషన్లో ఎస్‌3 పీకేసి మోడరన్ స్టాండ్‌బై పెట్టారు. అది కళ్లు మూసుకుని మెలకువగా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటి క్లాసులో నువ్వు కళ్లు తెరుచుకుని నిద్రపోతావే, దానికి తిరగేసి.”

ఇంకో కుర్రాడి ల్యాప్‌టాప్ రోజూ తెల్లారగట్ల తనంతట తానే లేచి ఫ్యాను తిప్పడం మొదలెట్టింది. దయ్యమన్నారు, వైరస్ అన్నారు. అన్న స్లాష్ లాస్ట్‌వేక్ కొడితే దోషి మౌస్ అని తేలింది. మౌస్‌ను ఆ వేళప్పుడు ఎవడు కదిపాడు? దానికి సమాధానం కోసం అన్న ఆ రాత్రంతా ఆ గదిలోనే కాపలా పడుకున్నాడు. నల్లా నీళ్లు రాగానే కింద ఓనరు మోటారు వేశాడు. మేడ సన్నగా వణికింది, మడత బల్ల వణికింది, మౌస్ వణికింది, తెర వెలిగింది. డివైస్ మేనేజర్‌లో మౌస్‌కు మిషన్ను లేపే హక్కు తీసేశాక గాని అన్న గది వదల్లేదు. ఆ కుర్రాడు ఇన్నాళ్లూ ఆ ఫ్యాను చప్పుడుకే లేచి చదువుకునేవాడనీ, మర్నాటి నుంచి తొమ్మిదింటిదాకా పడుకుంటున్నాడనీ తర్వాత తెలిసింది.

రోజూ బుద్ధిగా షట్‌డౌన్ చేసేవాళ్లంటే ఆయనకు జాలి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో అప్‌టైమ్ చూపిస్తాడు. రాత్రి ఆపి పొద్దున పెట్టిన మిషన్లో పందొమ్మిది రోజులని ఉంటుంది. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ మహిమ అది. షట్‌డౌన్ నొక్కితే మన కిటికీలు మూస్తుంది గానీ, లోపలి కెర్నెల్‌ను అదే హైబర్‌ఫిల్‌లో దాచుకుంటుంది. పూర్తిగా ఆపాలంటే రీస్టార్ట్ కొట్టాలి, లేదా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. “ఆపాననుకున్నవాడిది ఆగదు, మళ్లీ మొదలెట్టమన్నవాడిదే ఆగుతుంది” అంటాడు అన్న. నాలుగో అటెంప్టు రాస్తున్న మనిషి నోట ఈ మాట వింటే నవ్వాలో ఊరుకోవాలో తెలియదు.

ఇక పొదుపు. 2019 ఆగస్టులో ఢిల్లీ ప్రభుత్వం నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమంది. ఆ కబురు మెట్లెక్కి మా సబ్‌మీటర్ దాకా రాలేదు. యూనిట్‌కు ఓనరు తొమ్మిది రూపాయలు వేస్తాడు. జనవరి చలిలో ఒకనాడు, స్నానానికి బకెట్లో హీటర్ రాడ్డు వేసి, నీళ్లు కాగేలోగా హైబర్నేట్ వల్ల ఎంత మిగులుతుందో నాకు లెక్క చెప్పడం మొదలెట్టాడు. జిరాక్సు కాగితం వెనక్కి తిప్పి పెన్సిల్‌తో వేశాడు. స్లీప్‌లో రెండు వాట్లు. రాత్రికి పది గంటలు. ఇరవై వాట్ అవర్లు. యాభై రాత్రులకు ఒక యూనిట్. అంటే రాత్రికి పద్దెనిమిది పైసలు! దాని మీద ఏడాది లెక్క, మేడ మొత్తానికి లెక్క, ఓనరుతో పెట్టుకోవాల్సిన వాదన. అన్నీ అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. బకెట్లో పొగలొస్తున్నాయి, చెయ్యి పెట్టే వీల్లేదు. రాడ్డు 1500 వాట్లది. నలభై నిమిషాలంటే సరిగ్గా ఒక యూనిట్. యాభై రాత్రుల ల్యాప్‌టాప్ నిద్ర మా కళ్లముందే ఆవిరైపోయింది. అన్నది ఎలక్ట్రికల్ బ్రాంచి.

సొంత నిద్ర విషయంలో మాత్రం ఆయనకు ఏ ప్లానూ లేదు. రాత్రి రెండింటికి పక్క గదిలో ఎవరి బ్యాటరీ రిపోర్టో చదువుతుంటాడు. ఊరి నుంచి అమ్మ ఫోను పొద్దున ఎనిమిదింటికి వస్తే, దుప్పట్లోంచి “లేచి గంటైందమ్మా, చదువుతున్నా” అంటాడు. ఆయన ల్యాప్‌టాప్ షట్‌డౌన్ అయినట్టు చూసినవాళ్లు లేరు. పోయినసారి పరీక్షకు తెరిచిన పీడీఎఫ్‌లు ఈసారి పరీక్షకూ తెరిచే ఉంటాయి.

ఈ పిచ్చి ఎందుకో నాకు రిజల్టుల రోజుల్లో కొంచెం అర్థమైంది. కటాఫ్ ఎంత ఉంటుందో ఆయన చేతిలో లేదు. గేట్ స్కోరు మూడేళ్లే చెల్లుతుంది, ఇంజనీరింగ్ సర్వీసెస్‌కు వయసు ముప్ఫై నిండకూడదు, ఇవీ ఆయన మార్చగలిగినవి కావు. మూత వేస్తే ఏం జరగాలో అడిగే పెట్టె ఒకటి మాత్రం ఉంది. డూ నథింగ్, స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్. నచ్చింది ఎంచుకుని సేవ్ నొక్కితే, అనుకున్నది అనుకున్నట్టే జరుగుతుంది. కటవారియా సరాయ్ మొత్తంలో అలాంటి సౌకర్యం ఇంకెక్కడుంది?

చివరకు మా అన్నకు ఉద్యోగం వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థ, క్వార్టర్సు, జీపు. కూలర్ అమ్మేసి, పుస్తకాలు పంచేసి, మేడంతా కళ్లు తుడుచుకుంటుంటే వెళ్లిపోయాడు. ఓ రాత్రి ఫోను చేశాడు.

“ఆఫీసు ల్యాప్‌టాప్ ఇచ్చార్రా. అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే పడుకుంటోంది.”

“పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లన్నా” అన్నాను. ఆయనకు చెప్పే రోజు నాకూ వచ్చింది.

“వెళ్లా. ఏదీ నొక్కుడు పడటం లేదు. సమ్ సెట్టింగ్స్ ఆర్ మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్ అని పైన రాసుంది.”

“కమాండ్ కొట్టి చూశావా?”

“అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. ఐటీ సెక్షన్‌కు అర్జీ పెట్టుకోమన్నారు. ఫారంలో సమస్య ఏంటో ఒక్క మాటలో రాయాలట.”

“ఏం రాశావు?”

“నిద్ర అని రాశా. రేపు పదింటికి మెడికల్ ఆఫీసర్ని కలవమని జవాబొచ్చింది.”