విద్యార్థినీ వాక్యపంచకము: సటీకాతాత్పర్యము

అవతారిక: కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతములనుండి చేమగ్గము విడిచి సాంచెలు వెదకికొనుచు వచ్చిన పద్మశాలీలు మొదలగు తెలుగువారు తపతీతీరమునందలి సూరత్ నగరమున తరములుగా కాపురముండు లింబాయత్ ప్రాంతమందు, ఒక బంధుగృహమున నొక పెద్దమనిషి “ఏం చదువుతున్నవ్ బిడ్డా? ఏమేం భాషలొస్తయి?” అని యడుగగా, ఆ యేడే కళాశాలలో చేరిన బాలిక ఒక్క గ్రుక్కలో నిచ్చిన ప్రత్యుత్తరమే యిచట మూలము.

మూలము: “మాది సూరతే, పెద్దబాపూ. బాపు సాంచెల మీద పనిచేస్తడు. ఎన్మిదో తరగతి దాంక తెలుగు మీడియం చదివిన. ఇప్పుడు బీకాం ఫస్టియర్, సీఏ గావాలె. భాషలంటే గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు వస్తయి.”

టీక: సూరతే = సూరత్ మాత్రమే. ఏకారము అవధారణార్థకము. తాత సిరిసిల్లవాడే యైనను, వేసవిలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్సున వరంగల్లు పోవుట ఈమెకు యాత్రయే గాని యింటికి మరలుట కాదని భావము.

సాంచెల మీద = మరమగ్గముల మీద. అతడు వానిపై నాసీనుడై యుండునని భ్రమింపరాదు. పండ్రెండు గంటల పాళీలో పెక్కు సాంచెల నడుమ తిరుగుచు, తెగిన పోగును వ్రేళ్లకొసలతో ముడివైచుచు, దారమైపోయిన కండెను మార్చుచు నిలిచియే యుండునని గ్రహింపవలెను. కూలి నేసిన మీటర్లను బట్టి వచ్చును. ఆ మీటర్ల లెక్క శేటుగారి పుస్తకమున నుండును. ఈ యంశమును చదువరి గుర్తుంచుకొనునది.

దాంక = వరకు. సూరత్ నగరపాలక సంస్థ నడపు బడులలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమును గలదు. గుజరాత్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదవ తరగతితో ముగియును గనుక, అటుపిమ్మట గుజరాతీ బడిలో చేరి, తెలిసిన బీజగణితమునే తెలియని లిపిలో మరల నేర్చి, పదవ, పండ్రెండవ తరగతుల బోర్డు పరీక్షలు గట్టెక్కిన కథ యంతయు ఈ “దాంక”లో నణగియున్నది. పెద్దమనిషి యడుగలేదు, బాలిక చెప్పలేదు.

బీకాం = వాణిజ్యశాస్త్ర పట్టము. దీనిని ప్రసాదించు విశ్వవిద్యాలయము 1965లో స్థాపితమై, 2004లో సూరత్‌వాడే యగు కవి వీర నర్మద్ నామమును ధరించినది. ఆ మహనీయుడు 1858లో ఉపాధ్యాయోద్యోగమును త్యజించి కలమును నమ్ముకొన్నవాడు. ఉద్యోగమును వదలుకొన్నవాని పేర పట్టము పుచ్చుకొని యేటేట వేలమంది యుద్యోగార్థులై బయలుదేరుట విరోధాభాసాలంకారము.

సీఏ = ఫౌండేషన్, ఇంటర్మీడియెట్, ఫైనల్ అను మూడు పరీక్షలును, నడుమ రెండేండ్ల ఆర్టికల్‌షిప్పును గల దీర్ఘతపస్సు. కోరికకు హేతువేమనిన: 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సూరత్ వస్త్రవ్యాపారులు దుకాణములు మూసి నిరసించిరి, తెరచిన పిదప పద్దులు సరిచూచువారి నాశ్రయింపక తప్పలేదు. అంతకంటె బలవత్తరమైన హేతువు ఇంటనే కలదు. తాత నేసినదానిని, తండ్రి నేయుచున్నదానిని పరులే లెక్కించిరి. ఆ లెక్క యికమీదట తన చేతికి రావలెనని యీమె యభిలాష.

విశేషము: భాషల జాబితాలో తెలుగు లేదు. ఈ లోపమును ఆమె యచ్చమైన తెలుగుననే పలుకుట వింత. దీనిని వినయమందురా, అది సాధువు కాదు. ఇంగ్లీషును చేర్చుటకు వినయ మడ్డురాలేదు. మార్కులు వేయబడినదే విద్య, ఇంట నబ్బినది విద్య కాదు అను సిద్ధాంతమును ఆమెకు మనమే నేర్పితిమనుట సమంజసము. కాని యెనిమిదేండ్లు తెలుగునకును మార్కులు వేసిరి గదా యన్నచో, వ్యాఖ్యాతకు సమాధానము లేదు.

తాత్పర్యము: నాలుగు భాషలలో లెక్క చెప్పగల బాలిక తన యాస్తిపట్టికలో మొదటి పద్దునే విడిచినది, కాబోవు లెక్కల పరీక్షకురాలికిది తగదు. కావున, ఓ చదువరీ, మీ యింట నిట్టి విద్యార్థి యుండి దరఖాస్తు నింపుచున్నచో, “వచ్చిన భాషలు” అను గడిలో తెలుగును ముందుగా వ్రాయింపుము. దానిపై జీఎస్టీ లేదు.