సున్నా చుట్టూ ప్రదక్షిణం

ఓడిపోవడం అందరికీ వచ్చిన విద్యే. పదహారుకి పదహారూ ఓడాలంటే మాత్రం నిష్ఠ కావాలి. 2017లో మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆ నిష్ఠ చూపించింది.

అంతకుముందు ఏడాది కాస్తలో తప్పింది. ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోతే ఊరేగింపు తీద్దామని అభిమానులు ఏర్పాట్లు చేసుకుంటుంటే, క్రిస్మస్ ముందు రోజున జట్టు శాన్‌డియాగో మీద గెలిచి కూర్చుంది. ఊరేగింపు రద్దు. సొంత జట్టు గెలిచిందని ఉసూరుమన్నవాళ్లని అప్పుడే చూశాను.

చిత్తుగా ఓడటం ఎవరికైనా చేతనవుతుంది. మావాళ్ల పనితనం వేరు. గ్రీన్‌బే మీద నాలుగో క్వార్టర్‌లో 21-7 ముందుండి, ఓవర్‌టైమ్‌లో 27-21తో ఓడారు. డెట్రాయిట్ మీద మరీనూ. ఫస్ట్ హాఫ్ ముగియడానికి కొద్ది సెకన్లుంది. గోల్ గీత రెండు గజాల్లో ఉంది. టైమవుట్‌లు అయిపోయాయి. ఒక కిక్ కొడితే మూడు పాయింట్లు వచ్చి పడతాయి. కొత్త కుర్రాడు కైజర్ బంతిని పొట్టకి హత్తుకుని తనే గుంపులోకి దూరాడు. మీద పడ్డవాళ్లు ఒక్కొక్కరే లేచి, దులుపుకుని, బంతి కింద పెట్టేలోపు టైమ్ అయిపోయింది.

టెనెసీ చేతిలో 12-9తో ఓడిన రోజున మా జట్టు జో థామస్ చేతి కండరం తెగింది. 2007లో చేరిన దగ్గర్నుంచీ వరసగా 10,363 సార్లు, ఒక్కటీ వదలకుండా బరిలో నిలబడ్డ మనిషి. ఆయన జోలికి మాత్రం నేను వెళ్లను.

ఆ సీజన్‌కి నాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నాడు. నాలుగు మ్యాచ్‌లు ఓపిగ్గా చూసి అడిగాడు: “ఒరే, ఓడినా జీతాలిస్తారా వీళ్లకి?”

“ఇస్తారు నాన్నా. కోట్లలో.”

“ఆఖరున వచ్చినందుకు శిక్షేం లేదా?”

“వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్లని తీసుకునేటప్పుడు మొదటి ఛాన్స్ వీళ్లదే.”

“మరింక గెలవడం దేనికిరా?”

ఆఖరి మ్యాచ్ పిట్స్‌బర్గ్‌లో. 28-24తో వెనకబడి ఉన్నారు, నాలుగో డౌన్, అంటే ఆఖరి అవకాశం, బంతి కోరీ కోల్మన్ చేతుల్లోకే వచ్చింది. దగ్గర్లో అడ్డుకునేవాడు లేడు. పక్కింటి పెద్దాయన మా సోఫా మీంచి లేచి “వద్దు, పట్టుకోకు!” అని కేకేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బ్రౌన్స్ అభిమాని. ఆయన బెంగల్లా ఊరేగింపు మళ్లీ ఎక్కడ తప్పిపోతుందోనని. కోల్మన్ ఆయన మాట నిలబెట్టాడు.

2018 జనవరి 6న, గడ్డకట్టే చలిలో, వేలమంది స్టేడియం చుట్టూ తిరిగారు. సున్నా కొట్టిన జట్టుకి సున్నా ఆకారంలో ఊరేగింపన్నమాట. పోగైన విరాళాలు ఫుడ్ బ్యాంకుకిచ్చారు. కొందరు ఆటగాళ్లకి కోపం వచ్చిందట. ఆ పౌరుషం కాస్త ముందొచ్చి ఉంటే ఇంత చలిలో మాకీ తిప్పలు ఉండేవా? నాన్న మంకీ క్యాపులోంచి “ఒక్క చుట్టు చాలా, మూడు తిరగాలా?” అన్నాడు. ఆ ప్రయాణంలో ఆయన నయాగరా చూశాడు గానీ, బ్రౌన్స్ గెలవడం చూడలేదు.

కోచ్ హ్యూ జాక్సన్ కథ ఇంకోటి. మళ్లీ ఒక గెలుపు, పదిహేను ఓటములు (1-15) అయితే సరస్సులో దూకుతానని ముందే మాటిచ్చాడు. జరిగింది 0-16. ఏ ప్లీడర్ని అడిగినా దూకక్కర్లేదనే చెప్పేవాడు. అయినా పెద్దమనిషి తరహాగా జూన్ 1న ఈరీ సరస్సులో దిగాడు, స్టాఫ్‌లో కొందర్ని వెంటబెట్టుకుని. రెండేళ్లలో ఒక గెలుపు, 31 ఓటములు. ఉద్యోగం మాత్రం అప్పటికి పదిలం.

కొత్త సీజన్లో మొదటి మ్యాచ్ 21-21 టై. గెలవడం గుర్తులేదు, ఓడే అలవాటూ తప్పుతోంది. ఊళ్లో బార్లలో ఒక బీరు కంపెనీ తాళాలేసిన ఫ్రిజ్‌లు పెట్టింది; బ్రౌన్స్ గెలిస్తే తాళం దానంతటదే ఊడుతుంది, బీరు ఊరికే. సెప్టెంబర్ 20న, 635 రోజుల తర్వాత, జెట్స్ మీద 21-17తో గెలిచారు. ఫ్రిజ్‌లు తెరుచుకున్నాయి. ఊరు ఊగిపోయింది.

మర్నాడు పెద్దాయన కంచె దగ్గర దిగాలుగా నిలబడ్డాడు. “ఇంక వారం వారం ఆశ పెట్టుకోవాలి కాబోలు,” అన్నాడు.

తర్వాతి మ్యాచ్‌లో ఓక్లండ్ మీద మావాళ్లు 42 పాయింట్లు కొట్టి, ఓవర్‌టైమ్‌లో 45-42తో ఓడారు. పెద్దాయన ముఖంలో మళ్లీ కళ వచ్చింది.