నాలుగు రాత్రుల జ్ఞానోదయం

దుబాయ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఈ మధ్య ఖర్జూరాలతో పాటు జీవిత పాఠాలు కూడా పంచుతున్నారు. ఖర్జూరాలు మనిషికి నాలుగే వస్తాయి గానీ పాఠాలకు కొరత ఉండదు. "ప్రయాణం మనిషిని మార్చేస్తుందండీ! పరాయి సంస్కృతిని కళ్ళారా చూశాక మన అహం కరిగిపోతుంది" అంటాడు పెద్దమనిషి. ఆ మాట చెబుతూ ఫోన్‌లో చూపించే ప్రతి ఫోటోలోనూ ముందు నిలబడ్డది ఆయనే. సంస్కృతి వెనకాల ఎక్కడో, కాస్త మసగ్గా ఉంటుంది.

ప్యాకేజీ కరపత్రం ఒకసారి చదవండి. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు. తెలుగు మాట్లాడే గైడు. రెండు పూటలా మన భోజనం. పప్పు, పెరుగు గ్యారంటీ. కొన్ని బృందాలతోనైతే వంటమనిషే విమానమెక్కుతాడు. పరాయి సంస్కృతిని వెతుక్కుంటూ బయల్దేరినవాడికి అది పొరపాటున కూడా తగలకుండా ఏజెన్సీవాళ్ళు ఇంత శ్రద్ధ తీసుకుంటారు.

అసలు ఘట్టం ఎడారి సఫారీ. టైర్లలో గాలి తగ్గించి, ఇసుక దిబ్బల మీద బండిని ఎగరేసి దూకించే డ్రైవరు పెషావర్ వైపు పఠాను. చేతి మీద డేగను నిలబెట్టి ఫోటో తీసేవాడు బంగ్లాదేశీ. కబాబులు కాల్చేవాడు మలయాళీ. వేదిక మీద ఆడే బెల్లీ డాన్సు ఈజిప్టుది, ఆడే అమ్మాయి తూర్పు యూరప్‌ది. రాత్రికి హోటల్లో తాళం చేతికిచ్చేది ఫిలిప్పీన్స్ పిల్ల. యూఏఈ జనాభాలో ఆ దేశపు పౌరులు ఇంచుమించు పదిమందికొకరు. ఆ ఒక్కరికి సఫారీ క్యాంపులో పనేముంటుంది? అయినా సరే, ఆ రాత్రి మనవాడు అరబ్బుల ఆత్మను దర్శించుకున్నాడు. "ఎడారి నాకు మౌనం నేర్పింది" అని రాసి ఫోటో పెట్టాడు. పక్కన జనరేటరు హోరు, నెత్తిన డీజే పాటలు. ఫోటోలో శబ్దం రాదు కాబట్టి సరిపోయింది.

మర్నాడు బుర్జ్ ఖలీఫా. 828 మీటర్ల కట్టడం, 2010లో తెరిచారు. 124వ అంతస్తుకు లిఫ్టులో నిమిషంలో చేరతారు. "అంత ఎత్తు నుంచి చూస్తే మన సమస్యలెంత చిన్నవో తెలిసొచ్చింది" అన్నది అక్కడి పాఠం. చిన్నగా కనిపించినవి సమస్యలు కావు స్వామీ, మనుషులు. వాళ్ళలో మన ఊళ్ళవాళ్ళూ ఉంటారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి ఇదే దుబాయ్‌కి ఇంకో రకం ప్రయాణం ఎన్నో ఏళ్ళుగా సాగుతోంది. సబ్-ఏజెంటుకు కట్టే డబ్బు వడ్డీకి తెచ్చింది. పదో తరగతి పాసు కాలేదు కనక పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర పడుతుంది, పని వీసా మీద వెళ్ళాలంటే సర్కారు అనుమతి విడిగా కావాలి. మౌనం నేర్చుకోవడానికి వెళ్ళేవాడికి ఆ తిప్పలు లేవు. అక్కడ ఒకే గదిలో మంచం మీద మంచం. నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ, మనవాడు. ఎవరి వంతు వంట ఏ రోజో, ఎవరు ఏ మాంసం ముట్టరో, రోజాలో ఉన్న తోటివాడి ముందు నీళ్ళు తాగకుండా ఎటు తప్పుకోవాలో అతనికి తెలుసు. హిందీ వచ్చు, అరబ్బీ పనికి సరిపడా వచ్చు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. పన్నెండున్నర దాకా చేయించవచ్చన్నమాట. మన యాత్రికుడు అదే ఎండను ఏసీ బస్సు అద్దంలోంచి చూసి, సాయంత్రం చల్లబడ్డాక దిబ్బల దగ్గరికి వెళ్ళాడు.

రాయచోటి వైపు నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళ సంగతి చూడండి. అరబ్బు ఇంట్లో మజ్బూస్ ఎలా వండుతారో, పండగనాడు ముందు ఎవరికి వడ్డిస్తారో, ఇంటి ముసలమ్మ ఎందుకు అలుగుతుందో తెలుగు నేల మీద నిజంగా తెలిసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళనెవరూ యాత్రికులనరు. అప్పు తీర్చి వస్తే ‘గల్ఫ్ నుంచి వచ్చింది’ అంటారు. మొగవాడు కంపెనీ వదిలి పారిపోతే ‘ఖల్లివెల్లి అయ్యిండు’ అంటారు.

ఇంతకన్నా నాకు ఒళ్ళు మండే పాఠం ఇంకోటుంది. "వాళ్ళకు ఏమీ లేదు, అయినా ముఖాల్లో ఎంత సంతోషం!" హోటల్లో బల్ల తుడిచే కుర్రాడి నవ్వు చూసి పుట్టిన జ్ఞానమిది. ఆ నవ్వు మీద టిప్పు ఆధారపడి ఉందని ఆయనకు తట్టదు. ఏమీ లేకపోయినా సంతోషంగా ఉండవచ్చని అంత గట్టిగా నేర్చుకున్నవాడు, ఇంటికొచ్చి తన ప్లాటొకటి పనిమనిషి పేర రాసిన దాఖలా మాత్రం ఇంతవరకు లేదు.

ప్రయాణాలు మానమని ఎవరన్నారు? వెళ్ళండి, తినండి, బంగారం బేరమాడండి. సరదాగా తిరిగొచ్చామని చెప్పండి, సంతోషిస్తాం. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో బయల్దేరి, మరుసటి ఏడు తిరిగొచ్చాడు. దారి పొడుగునా ఏ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. ఆ పుస్తకం ఇప్పటికీ చదువుకుంటున్నాం. పల్లకీ మోసినవాళ్ళు రాసి ఉంటే ఇంకా బాగుండేది, అది వేరే సంగతి.

కావాలంటే ఈసారి మీ క్లబ్బులో ‘ప్రయాణం నేర్పిన పాఠాలు’ సభకు జగిత్యాల మనిషినొకరిని పిలిచి చూడండి. శాలువా కప్పండి. "అక్కడి సంస్కృతిలో మిమ్మల్ని బాగా కదిలించిందేమిటి?" అని అడగండి. "మూడు నెల్ల జీతం ఆపిండ్రు సార్. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర్నే ఉండె. లేబర్ కోర్టు ఎటు దిక్కున్నదో తెల్సుకునేసరికి..." అని ఆయన మొదలుపెడతాడు. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటారు. కార్యదర్శి లేచి మైకు అందుకుని, తరువాతి వక్త నిన్ననే బాలి నుంచి వచ్చారని ప్రకటిస్తాడు.