తుడిచేసిన గీతలు

వాద్యబృందాల లైబ్రరీలో పెన్సిల్‌తో పాటు రబ్బరు కూడా పనిముట్టే. కాపీరైట్ ఉన్న రచనల స్వరపత్రాలు చాలావరకు ప్రచురణకర్తల దగ్గర్నుంచి అద్దెకు వస్తాయి. కచేరీ అయ్యాక వాటి మీది గీతలన్నీ తుడిచి వెనక్కి పంపాలి. బీథోవెన్ లాంటి పాతవాళ్లవైతే బృందం కొనుక్కుని దాచుకుంటుంది. వాటి మీది గీతల జోలికి పోకూడదు. చేరిన రోజే ఈ తేడా నాకు చెప్పారు. తల ఊపాను గానీ మనసు పెట్టి వినలేదు.

సింగపూర్‌లో వేసవి అంటూ వేరే ఉండదు. మే నుంచి ఆగస్టు దాకా ఉండే యూనివర్సిటీ సెలవులనే అలా అనుకుంటాం. ఆ సెలవుల్లో ఒక వాద్యబృందం లైబ్రరీలో ఇంటర్న్‌గా చేరాను. సంగీత లైబ్రరీ అంటే నాకు తెలిసింది ఇక్కడి ఎస్ప్లనేడ్ కళాకేంద్రంలో 2002లో తెరిచిన కళల లైబ్రరీ: పుస్తకాలు, సీడీలు, నిశ్శబ్దం. పైగా చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నదాన్ని. ఇక్కడ నాకు తెలియనిదేముంటుందన్న ధీమా ఉండేది. తెలివితక్కువతనమంతా ఆ ధీమాలోనే ఉంది.

అద్దెకు తెచ్చిన కట్ట తుడవమన్నారు, తుడిచాను. పక్కనే బీథోవెన్ ఏడో సింఫనీ కట్ట ఉంది. విప్పి చూస్తే పేజీల నిండా గీతలు: అడుగు లేని పెట్టెలా ఒక గుర్తు, ‘వి’ ఆకారంలో ఇంకొకటి, స్వరాల మీద అంకెలు, ఒకచోట కళ్లజోడు బొమ్మ. ఎవరినీ అడగలేదు. చెప్పకముందే చేసిపెడితే మెచ్చుకుంటారనిపించింది. రెండో వయొలిన్లవి, వయోలాలవి సాయంత్రం దాకా తుడుస్తూనే ఉన్నాను.

కమానును కిందికి లాగాలా, పైకి తోయాలా అని చెప్పేవి ఆ పెట్టె, ‘వి’ గుర్తులు. అంకెలు ఏ వేలు వాడాలో చెబుతాయి. కళ్లజోడు ఉందంటే అక్కడ తలెత్తి కండక్టర్‌ను చూడాలని. 14 మంది కలిసి వాయించేటప్పుడు కమానులన్నీ ఒకే వైపు కదిలితేనే ఆ వాక్యానికి ఒక ఊపిరి వస్తుంది. అందుకే ముఖ్య వాద్యకారులు ముందే నిర్ణయిస్తారు, లైబ్రేరియన్ ఆ గుర్తులను ఇద్దరికొకటి చొప్పున ఉండే ప్రతి పత్రంలోకీ ఎక్కిస్తారు. మన కర్ణాటక కచేరీలో వయొలిన్ సాధారణంగా ఒక్కటే. పాటను అనుసరిస్తుంది, కమాను ఎటు పోవాలో ఆ చేతికే వదిలేస్తాం. ఈ అవసరం నాకెప్పుడూ ఎదురుకాలేదు.

అయినా ఆ సాకు నాకు చెల్లదు. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగు లిపిలో. ఆయన, మన సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చిన బాలుస్వామి దీక్షితులకు మనుమడు, దత్తుడు కూడా. స్వరాల నెత్తిన ఆయన పెట్టిన గమక సంకేతాలు చూపించి, పెద్దల గొంతు ఎలా కదిలిందో ఇక్కడుందమ్మా అనేవారు మా గురువుగారు. ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకున్న నేను, ఇంకొకరి చేతి కదలికను మురికి అనుకున్నాను. నన్ను ఇప్పటికీ కోసేది అదే.

సంగతి తెలిసినప్పుడు లైబ్రేరియన్ ఒక్క మాట కూడా అనలేదు. ముఖ్య వాద్యకారుల పత్రాలు విడిగా ఉండడంతో అవి బతికాయి. వాటిని చూసి కమాను గుర్తులన్నీ మళ్లీ ఎక్కించాం. ఇంటికి వెళ్లాల్సిన వేళ దాటినా ఆవిడ నా పక్కనే కూర్చుని సగం పని తనే చేశారు. వేళ్ల అంకెలు, కళ్లజోళ్లు మాత్రం తిరిగి రావు. అవి ఎవరి కుర్చీ దగ్గర వాళ్లు రాసుకున్నవి.

ఇప్పటికీ వాయిస్తున్నవాళ్లకు రిహార్సల్ రోజున నేనే తుడిచానని చెప్పి క్షమించమన్నాను. రిటైరైన వాళ్లకు లైబ్రేరియన్ ద్వారా ఉత్తరాలు పంపాను. వయోలా వాయించిన ఒక పెద్దాయన జవాబు రాశారు. ఆ అంకెలు ఆయనవి కావట. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారివట. ఆయన కూడా వాటిని చూసే నేర్చుకున్నారట.