సెంటర్ ఫార్వర్డుగారి కాలు

కృష్ణ పశ్చిమ డెల్టాలోని వృద్ధులు గతించిన యేండ్లను లెక్కించునప్పుడు ఉప్పెనకు ముందనియు, ఉప్పెనకు తరువాతననియు చెప్పుకొందురు. 1977 నవంబరులో వచ్చిన ఆ గాలివాన బాపట్ల, రేపల్లె ప్రాంతములవారి జ్ఞాపకమున వేసిన ముద్ర అంతటిది. తెనాలిలో నాకు తెలిసిన యొక పెద్దమనిషికి మాత్రము కాలము ఆ చోట రెండుగా చీలలేదు. మరి రెండేండ్లకు, ఆయన కుడికాలితోబాటు చీలినది. ఎన్.టి. రామారావుగారు 1982లో పార్టీ పెట్టుటయు, ఊరిలోనికి రంగుల టెలివిజను వచ్చుటయు, కుమార్తె వివాహమును, 2022లో రేపల్లె గుంటూరు జిల్లాను విడిచి బాపట్ల జిల్లాలో కలియుటయు ఆయన పంచాంగమున "కాలు విరిగిన తరువాత" అను నొక్క యుగములోనే పడిపోవును.

ఈయన పేరు చెప్పను. చెప్పవలసిన యవసరమును లేదు. పోస్టుమానుతో సహా ఊరివారందరును సెంటర్ ఫార్వర్డుగారనియే యందురు. ఇట్టివారు ప్రతి యూరను ఉందురు. వాలీబాలు ఆడు ఊళ్ళలో భుజము జారినవారుగను, చెడుగుడు ఆడు ఊళ్ళలో మోకాలు పోయినవారుగను, నాటకములకు పేరుబడ్డ మా తెనాలివంటి ఊళ్ళలో సరిగా పరిషత్తు పోటీలకు బయలుదేరవలసిన నాటి రాత్రియే గొంతు పోయినవారుగను వీరు కానవచ్చుచుందురు. వీరందరి యవయవములును యథాస్థానమున నిలిచియుండినచో ఆంధ్రదేశము మహాపురుషులతో క్రిక్కిరిసి, మాబోటి సామాన్యులకు నిలువ చోటు దొరకకపోయెడిదని నా నమ్మకము.

మనిషి పొడగరి, ఇస్త్రీ చెదరని తెల్లని లాల్చీ, చేత కర్ర. ఆ కర్ర నేలను తాకుట యరుదు. ప్రసంగమధ్యమున బంతి యెటునుండి యెటు పోయినదో గాలిలో గీచి చూపుటకే దాని నాయన విశేషముగ వినియోగించును. ఇక కుంటు మాట. మార్కెట్టునుండి రెండు చేతుల సంచులతో ఒంటరిగా వచ్చునప్పుడు ఆయన యడుగు తిన్నగానే పడును. ఎదుట పరిచితుడు కనబడగనే కుడిమడమ కొంచెము తేలిపోవును. దీనిని కపటమనుట అన్యాయము. కిరీటము పెట్టగనే పౌరాణిక నటునకు మెడ తనంతట నిలుచునట్లు, వినువాడు దొరకగనే ఆ కాలికి పూర్వజన్మస్మృతి కలుగును.

ఆ పూర్వజన్మకథ యిది. బాపట్లలో కళాశాలల నడుమ పోటీ. తెనాలి పక్షమున మనవాడు సెంటర్ ఫార్వర్డు. ఎదుటి పక్షమున, బాపట్లలో చదువుచున్న రేపల్లె కుర్రవాడొకడు బ్యాకు. నేను మొదట విన్ననాడు మనవాడు ఒక్కని తప్పించి ముందునకు పోవుచుండగా ఎదుటివాని కాలు తగిలి పడెను. కొన్నియేండ్లకు వినునప్పటికి ముగ్గురిని తప్పించియుండెను. ఈ నడుమ విన్న పాఠములో గోలుకీపరు సైతము వెనుకబడిపోయి, ఖాళీగోలు ఆరు గజముల దూరమున నోరు తెరచుకొనియుండగా, సూర్యలంకనుండి వీచు సముద్రపుగాలి వీపు తట్టి ముందునకు త్రోయుచుండగా, ఎక్కడనుండి యూడిపడెనో ఆ రేపల్లెవాడు! ఎముక విరిగిన చప్పుడు భావనారాయణస్వామి గుడిదాక వినబడెనని చెప్పువారొకరిని నేనెరుగుదును. వారును సెంటర్ ఫార్వర్డుగారే.

ఆ గోలు పడియుండినచో ఏమయ్యెడిదని మన మడుగనక్కరలేదు. సయ్యద్ అబ్దుల్ రహీముగారి కన్ను తనపై పడియుండెడిదట. హైదరాబాదులో బడిపంతులుగ జీవితము నారంభించిన ఆ రహీముగారు భారతజట్టును 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమునకును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకును నడిపించిన మాట నిజమే. సికిందరాబాదు బలరాము వంటి మేటి ఫార్వర్డు ఆ జట్లలో ఆడిన మాటయు నిజమే. అయినను రహీముగారు 1963లోనే స్వర్గస్థులైరి కదా యని యొక పర్యాయము వినయముగా మనవి చేసితిని. ఆయన నావంక జాలిగా చూచి, "అందుకేగదయ్యా, చూడలేకపోయారు!" అనెను.

విరిగినది మోకాటి దిగువ పెద్ద ఎముక. ఈ దేశమున ఎముక విరిగిన ప్రతి యింటను తక్షణమే రెండు పక్షము లేర్పడును: పుత్తూరు పక్షమును, ఎక్స్-రే పక్షమును. మేనమామలు పుత్తూరు కట్టు కట్టించితీరవలెననిరి. చిత్తూరుసీమలోని ఆ యూరి ఆకుపసరుమీదను, కోడిగ్రుడ్డు తెల్లసొనమీదను, వెదురుబద్దలమీదను తెలుగువానికి గల విశ్వాసము సామాన్యమైనది కాదు. తండ్రి ఆసుపత్రికే యనెను. తండ్రి నెగ్గెను, పిండికట్టు పడెను. ఆంధ్రా ప్యారిస్ అనబడు తెనాలివాని కాలికి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కాక మరియేమి పట్టునని ఆయన నేటికిని చమత్కరించుచుండును. ఆ చమత్కారమునకు నవ్వనివారికి వారింట కాఫీ రాదు.

ఇచ్చట ఎముక తరఫున నాలుగు మాటలు చెప్పవలసియున్నది, ఏలయన ఈ వ్యవహారమంతటిలో ఎముక నిర్దోషి. విరిగినచోట మొదట నెత్తురు గడ్డకట్టును; ఆ గడ్డ స్థానమున మెత్తని క్రొత్త పదార్థము పుట్టి రెండు కొనలను కలుపును; అది సున్నము పట్టి గట్టిపడును; పిమ్మట మాసములకొలది దేహము తనంతట తాను హెచ్చుగా పెరిగినదానిని కరగించుచు తొల్లింటి రూపమును తెచ్చును. మోకాటి దిగువ పెద్ద ఎముకకు మూడు నాలుగు మాసములు, చెడుగ విరిగినచో అంతకు మించియు పట్టును. 1940 ప్రాంతమున కుంచర్ అను జర్మను వైద్యుడు మూలుగ యుండు నాళములోనికి లోహపు కడ్డీని దింపు పద్ధతిని లోకమునకు చూపినది మొదలు రోగి వేగిరమే లేచి నడువగలుగుచున్నాడు. అందుచే ఎముక యతుకుట సమస్య కాదు. కదలక పడియున్న కొలది వారములలోనే తొడకండ చిక్కిపోవును, చీలమండ బిగిసిపోవును, ఒంటికాలిమీద నిలుచు నేర్పు మరపునకు వచ్చును. వానిని మరల తెచ్చుకొనుటకు చేయవలసిన సాధనలో చప్పట్లు కొట్టువారుండరు, ఈలలు వేయువారుండరు. గోడయు, గడియారమును మాత్రమే యుండును. అది యంతయు ముగిసిన పిదప, ఎదుటివాడు కాలు చాచి దూసుకొనివచ్చు వేళ తన కాలిని వెనుకకు లాగుకొనని గుండె యొకటి కావలెను. ఆటగాడు పూర్వవైభవమునకు వచ్చుటయు రాకపోవుటయు ఈ రెంటిపై నాధారపడునని నా యభిప్రాయము. వైద్యులును ఇంచుమించుగా నిట్లే చెప్పుదురు.

సెంటర్ ఫార్వర్డుగారికి ఆనాటి డాక్టరు పాదమునకు ఇసుకసంచి కట్టి రోజునకు రెండుపూటల ఎత్తుమని విధించెను. పరామర్శకు వచ్చువారు బత్తాయిలు తెచ్చినన్నాళ్ళు ఆయన ఎత్తెను. బత్తాయిలు ఆగిపోయిన వారముననే ఆ ఇసుకసంచి వీథితలుపు గాలికి కొట్టుకొనకుండ ఒత్తుగా నియమింపబడి, అర్ధశతాబ్దముగ నా యుద్యోగముననే యున్నది.

విరిగిన కాలితో మరల శిఖరమెక్కినవారి పేర్లు ఆయన యెదుట ఎత్తుట సాహసము. నేనొకప్పుడెత్తితిని. టాటెన్‌హామ్ జట్టువాడు డేవ్ మెకేకు 1963 డిసెంబరులో కాలు విరిగెను; అతుకుకొని మైదానమునకు వచ్చిన వెంటనే 1964 సెప్టెంబరులో మరల విరిగెను; అయినను ఆ మహానుభావుడు 1967లో జట్టునకు నాయకుడై ఎఫ్.ఏ. కప్పు నెత్తి, 1969లో డెర్బీ పక్షమున ఆడుచు, ఆ యేటి మేటి యాటగాడన్న గౌరవమును మరియొకనితో పంచుకొనెను. "రెండుసార్లు విరిగింది కాబట్టి సరిపోయింది. ఒక్కసారి విరిగినవాడి బాధ వేరు," అని సెంటర్ ఫార్వర్డుగారు తీర్పు చెప్పిరి. స్వీడను దేశపు లార్సన్ 1999 అక్టోబరులో ఫ్రాన్సునందు కాలు విరుగగొట్టుకొని, ఆ తరువాతి సీజనున స్కాట్లండు లీగులో 35 గోలులు వేసి యూరపుఖండపు బంగారుబూటును గెలుచుకొనెనంటిని. "చలిదేశంలో ఎముక తొందరగా పడుతుంది. మన ఎండల్లో విరగ్గొట్టుకుని చూడమను!" ఆయన మెచ్చు విదేశీయుడొక్కడే: కోవెంట్రీ రక్షకుడు డేవిడ్ బస్ట్. 1996 ఏప్రిలులో మాంచెస్టరున విరిగిన కాలితో అతని యాట శాశ్వతముగ ముగిసెను. ఆ పేరు చెప్పునప్పుడు సెంటర్ ఫార్వర్డుగారి కంఠము డగ్గుత్తికపడును. అటుపిమ్మట ఆ బస్ట్ పిల్లలకు ఆట నేర్పించు పనిలోనికి దిగి పదిమందికి పనికివచ్చెనన్న సంగతి మాత్రము ఆయన యెన్నడును చెప్పగా వినలేదు.

తుదకు ఇంటిముంగిటి యుదాహరణమే తీసితిని. పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల నేడు బాపట్ల జిల్లాలోనిదే. 1994లో పూణేలో ఆడుచుండగా మోకాటి కట్లు తెగి, శస్త్రచికిత్సల పాలై, ఇక నీతనికి ఆట లేదని పెక్కుమంది పెదవి విరిచిన పిదప, 2001 మార్చిలో బర్మింగుహామునకు పోయి, చైనా వీరుడు చెన్ హాంగును ఓడించి ఆల్ ఇంగ్లండు పీఠము నెక్కెను. 1980లో ప్రకాశ్ పడుకోనె తరువాత ఆ గౌరవము పొందిన భారతీయుడు మరియొకడు లేడు. విరిగిన ఎముకకంటె తెగిన కట్టు ఆటగానికి తక్కువ శత్రువు కాదని కూడ చేర్చితిని. ఇంతటితో వాదము నాదే యనుకొంటిని. సెంటర్ ఫార్వర్డుగారు కాఫీ రెండు గ్రుక్కలు త్రాగి, "అది బ్యాడ్మింటన్ నాయనా! మధ్యలో వల ఉంటుంది. రేపల్లెవాడు ఇవతలికి రాలేడు," అనెను. దీనికి ప్రత్యుత్తరము నాకు నేటివరకు తోచలేదు.

ఆ రేపల్లెవారితో నాకు పరిచయము తెనాలి–రేపల్లె ప్యాసింజరులో కలిగినది. బండి వేమూరు దాటకమునుపే, తెనాలి సెంటర్ ఫార్వర్డు కాలు విరుగగొట్టినది తామేనని నాతో సవినయముగ మనవి చేసికొనిరి. పశ్చాత్తాపమేమైన వినబడునేమోనని చెవి యొగ్గితిని. "మీరు చూళ్ళేదుగానండీ, మెరుపండీ అతను, మెరుపు! బంతి కాలికి అంటుకుపోయేదంటే నమ్మండి. ఇండియా మొత్తమ్మీద అతన్ని ఆపిందెవరయ్యా అంటే..." అని లాల్చీ చేతులు పైకి లాగిరి. భట్టిప్రోలు వచ్చునప్పటికి పడినవానిని ఎంత యెత్తునకు లేవనెత్తిరనగా, వాని స్వగృహమునందు గూడ నంతటి స్తోత్రము జరుగదు. పడినవాడెంత గొప్పవాడైన పడగొట్టినవాడంత ఘనుడు గదా! ఈ యిద్దరిలో నొక్కరు నిజము చెప్పినను ఇద్దరును దివాలా తీయుదురు. కావుననే కాబోలు, ఏటేట సంక్రాంతికి రేపల్లెనుండి నిజాంపట్నపు రొయ్యలు తెనాలికి చేరుచున్నవి.

బాపట్లలో ఆనాటి యాట చూచితిమన్నవారిని గూడ విచారించితిని. ఒకరు ఎవ్వరును గెలువలేదనిరి. ఒకరు వానచే ఆట నిలిచిపోయెననిరి. ఇంకొకరు అది హాకీ యనిరి. అంతటితో విరమించితిని.

నిరుడొక సంగతి జరిగినది. మా వీథిలో ఇంటరు చదువు కుర్రవాడొకడు, నిజముగ మంచి యాటగాడు, ఫుట్‌బాలు ఆడుచు కాలు విరుగగొట్టుకొనెను. వాని తల్లి ఎక్స్-రే చేతబట్టుకొని సెంటర్ ఫార్వర్డుగారింటికి వచ్చినప్పుడు నేనచ్చటనే యుంటిని.

"బాబాయిగారూ, డాక్టరుగారు రాడ్డు వేశారు. ఆర్నెల్లు పోతే పరిగెత్తుతాడన్నారు. మీకు తెలిసినంత ఎవరికీ తెలియదంటారు. మావాడు మళ్ళీ అదివరకటిలా ఆడతాడంటారా?"

ఆయన ఎక్స్-రేను కిటికీ వెలుతురునకు పట్టి చాలసేపు చూచెను. ఆడగలడన్నచో తన యర్ధశతాబ్దపు కథ యేమి కావలెను? ఆడలేడన్నచో గుమ్మములో కర్రలమీద నిలిచియున్న ఆ కుర్రవాని మొగము జూడ శక్యము కాదు. ధర్మసంకటమనగా నేమో పురాణములలో చదివితినిగాని, లాల్చీ తొడిగికొనియుండగా చూచుట నాకదియే ప్రథమము.

"ఆడతాడమ్మాయ్," అనెను తుదకు. "ఇది మామూలు విరుపు."

"మరి మీదో, తాతయ్యా?" అని కుర్రవాడు.

"నాది వేర్రా. అలాంటిది పుస్తకాల్లో లేదు."

మరునాటి యుదయము వీథితలుపు గాలికి దడదడ కొట్టుకొనుచుండెను. ఇసుకసంచి కుర్రవాని పాదమునకు ప్రమోషను మీద పోయినది. వైద్యుడు నడువవచ్చునన్న నాటినుండి సెంటర్ ఫార్వర్డుగారు ప్రతి ప్రొద్దున వానియెదుట కుర్చీ వేసికొని, మడమ యెట్లు త్రిప్పవలెనో, ఒంటికాలిమీద ఎంతసేపు నిలువవలెనో, మెట్టు ఏ కాలితో ఎక్కి ఏ కాలితో దిగవలెనో కర్రతో లెక్క వేయుచు చేయించుచుండిరి. నాకు విస్మయము కలిగించిన దేమనగా, వారు చేయించుచున్నవన్నియు నాడు తమకు డాక్టరు విధించినవే. ఒక్కటియు మరువలేదు, ఒక్కటియు చేయలేదు. కుర్రవాడు మాత్రము చేసెను. ఏడాది తిరుగకమునుపే వాడు బాపట్ల మైదానమున మరల ఆటకు దిగెను.

రేపల్లెవారిని సైతము పిలిపించి, ఇద్దరు పెద్దలును గీతప్రక్కన కుర్చీలలో కూర్చుండిరి. వాడు మొదటి పావుగంట కొంచెము జంకెను. బంతికై యిద్దరు కలిసి ఉరుకుచోట ఒక యడుగు వెనుకబడెను. పిదప ఒకసారి గట్టిగనే తాకిడి తగిలి పడి, లేచి, కాలు విదిలించుకొని నవ్వెను. ఆ తరువాత వానిని పట్టుకొనుట కష్టమయ్యెను. ఇద్దరిని తప్పించి గోలు వైపునకు తిరుగగా సెంటర్ ఫార్వర్డుగారు కర్ర గాలిలో నెత్తి లేచి నిలిచిరి.

"చూశావుటయ్యా! నువ్వైతే ఆపగలవా?"

"ఎందుకాపలేను? ఆ ఎడమపక్క బ్యాకున్నాడు చూశారూ, ఇవాళ బయలుదేరేముందు వాడికన్నీ చెప్పే పంపాను. మా వీధివాడే."

సెంటర్ ఫార్వర్డుగారి మొగము పాలిపోయెను. కుంటుమాట మరచి, కర్ర కుర్చీలోనే పారవైచి, తెల్లని సున్నపుగీత దాటి మైదానములోనికి పరుగెత్తుచు అరచిరి:

"ఒరేయ్ అబ్బాయ్! బంతి వదిలెయ్! వాడిది రేపల్లెరా!"