నలుపు ఎంత కావాలి సార్?

బెజవాడలో ఎండలు ముదిరితే అపార్ట్‌మెంట్లలోని మగవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోతారు. కారు అద్దాలకు ఫిల్మ్ ఇంట్లోనే వేసేసుకోవచ్చనేది ఒక పార్టీ. ఆటోనగర్‌కి పోయి వేయించాల్సిందేననేది రెండోది. ఎన్నికలు లేని ఏడాదికి ఇదే కాలక్షేపం.

మొన్న ఆదివారం మా సెల్లార్లో మొదటి పార్టీ బలప్రదర్శన జరిగింది. పై వాటా బ్యాంకు మేనేజరు గారు ఫిల్మ్ చుట్ట తెప్పించి, కాఫీ తాగి కిందికి దిగారు. సబ్బునీళ్ల స్ప్రే సీసా, వాళ్లావిడ హెయిర్ డ్రయ్యరు, పిల్లాడి స్కేలు, గడువు తీరిన క్రెడిట్ కార్డు. యూట్యూబులో ఎవరో ఇంతకన్నా తక్కువ సరంజామాతోనే చిటికెలో ముగించాడట. అతగాడు వేసింది దుమ్ములేని గదిలో అన్న సంగతి వీడియోలో చెప్పలేదు. ఫిల్మ్ వెనక పల్చటి పొర ఊడదీయగానే సెల్లార్లోని దుమ్ముకి కబురందింది. జిగురు వైపు మేనేజరు గారి బొటనవేలు తగిలింది. ఆధార్ సెంటర్లో మూడుసార్లు నొక్కినా పడని వేలిముద్ర ఇక్కడ ఒక్క దెబ్బకే పడింది!

పక్కద్దాలు ఎలాగో కానిచ్చారు. అసలు కథ వెనకద్దం దగ్గర. అది నిలువుకీ అడ్డానికీ కూడా వంగి ఉంటుంది. చదునైన ఫిల్మ్ దాని మీద బుద్ధిగా కూర్చోదు. ముందు బయటివైపు పరిచి, వేడిగాలి కొట్టి, ఆ వంపుకి తగ్గట్టు ముడుచుకోనిచ్చి, ఆ తర్వాత లోపలికి మార్చి అతికించాలి. మేనేజరు గారి ఫిల్మ్ ముడుచుకుంది, కానీ ఒక్క మూలకే. దాన్నే లోపల అతికించి, మిగిలిన అంచు కోద్దామని బ్లేడు ఆనించేసరికి అద్దం లోపలి డీఫాగర్ గీతల్లో రెండు తెగాయి. ‘ఏమండీ, అన్నం చల్లారిపోతోంది’ అన్న కేక పైనుంచి మూడోసారి వినిపించింది.

రెండో పార్టీ వాళ్లు నవ్వుకుంటూ ఆటోనగర్ బయల్దేరారు. అక్కడి కుర్రాడి చెయ్యి చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. రబ్బరు పట్టీతో ఒక్కో లాగుడికి నీళ్లన్నీ అంచుకి చేరతాయి, ఒక్క బుడగ మిగలదు. బల్బుకి అడ్డంగా ఫిల్మ్ వేసిన అద్దంముక్క పెట్టి, ‘చెయ్యి పెట్టి చూడండి సార్, వేడి తెలుస్తోందా?’ అంటాడు. రెండు మూడు రోజులు అద్దాలు దించొద్దని జాగ్రత్త చెబుతాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ అతని మొదటి ప్రశ్న మాత్రం, ‘నలుపు ఎంత కావాలి సార్?’

ఎండలోని వేడిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలదే. దాన్ని ఆపడానికి నలుపు అక్కర్లేదు. అచ్చం అద్దంలా కనిపించే సెరామిక్ ఫిల్మ్ కూడా ఆపుతుంది. చవక నల్ల ఫిల్మ్ ఎండని తాగి తనే సెగలు కక్కుతుంది. ఈ ముక్క రెండు పార్టీల వాళ్లకూ చెప్పి చూశాను. ‘తెల్లగా ఉంటే వేయించినట్టు ఎవడికి తెలుస్తుందండీ?’ అన్నారు. ఇంతకాలం చెప్పుకొచ్చిన ఎండ బాధ అక్కడితో తేలిపోయింది. లోపల ఎవరున్నారో తెలియకపోతే ఎవరో పెద్దమనిషే ఉండి ఉంటాడని జనం అనుకోవాలి. అసలు కోరిక అదీ.

ఈ పెద్దరికానికి చట్టం లెక్క కట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్కద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలి. అద్దాల మీద తర్వాత అతికించే ఫిల్మ్ అసలు వద్దని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అంది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపుకి దారి వదిలింది. నల్లద్దాలను బట్టి చూస్తే ఒక్క మా వీధిలోనే అంతటి ప్రముఖులు డజను మంది కాపురం ఉంటున్నారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు మారాయి గనక ఆ 70, 50 లెక్క తప్పకపోతే ఫిల్మ్ వేసుకోవచ్చని కేరళ హైకోర్టు 2024లో అంది. ఈ కబురు మా సెల్లారుకి ‘ఫిల్మ్ ఓకే అయిపోయింది’ అన్నంత వరకే చేరింది. గుణకారం సంగతి ఎవరూ ఎత్తలేదు. కంపెనీ అద్దం తన వంతుగా 80 పాళ్ల వెలుతురే వదిలితే, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేశాక మిగిలేది 40. మా వాళ్లు అడిగేది 20 శాతం ఫిల్మ్. అప్పుడు దక్కేది 16.

2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ట్రాఫిక్ పోలీసులు సినిమా హీరోల కార్లకే ఫిల్మ్ ఊడబీకారు. బెజవాడ బెంజి సర్కిల్లో మన కారుకి ఇంకేం మర్యాద దక్కుతుంది? మేనేజరు గారి పనితనానికి విలువ తెలిసేది అక్కడే. కానిస్టేబులు గోరుతో అంచు పట్టి లాగితే చాలు, మొత్తం చేతికొచ్చేస్తుంది. ఆటోనగర్ ఫిల్మ్ అలా లొంగదు. పొర ఊడి జిగురు మిగులుతుంది. ఆఫీసు టైములో నడిరోడ్డు మీద నిలబడి గీక్కోవాలి.

అలా ఫిల్మ్ పీకించుకొచ్చిన రెండో పార్టీ నాయకుడొకాయన ఆటోనగర్ కుర్రాణ్ణి నిలదీశాడు. ‘పదేళ్ల వారంటీ అన్నావు కదయ్యా?’

‘బుడగలొస్తే, రంగు పోతే, దానంతటదే ఊడితే వారంటీ సార్. మీది పోలీసులు పీకింది కదా. అయినా పాత కస్టమరు, ఈసారికి పది శాతం తగ్గిస్తాలెండి. నలుపు అంతే ఉంచమంటారా?’