గాలి తీసే కొలువు

మాంచెస్టర్,
కార్తీక మాసం, బేస్తవారం రాత్రి

పూజ్యులైన నాయనగారికి మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు, అమ్మ, అవ్వ, రెండు బర్రెలు క్షేమమని తలుస్తాను.

అయిపోయింది నాయనా, నాకొచ్చిన మర్యాద అంతే. కాయితం ముందర పెట్టుకోగానే చెయ్యి దానంతటదే తెలుగు అయ్యవారికి భయపడి ఆ నాలుగు ముక్కలూ రాసేసింది. ఇక మన మామూలు మాటల్లోకి వస్తా.

ఫోనుండగా కాయితమెందుకంటే, ఊళ్ళో నా మీద రెండు నేరాలున్నాయి. మొదటిది నీ పుణ్యం. టీకొట్టు కాడ నలుగురూ "మీవాడు ఆడ ఏం చేస్తాడు?" అనడిగితే, "గాలి పెట్టెలో చేతులు పెట్టి పని చేస్తాడు" అన్నావంట. "అంటే కూలర్లు బాగు చేస్తాడా?" అని వాళ్ళడిగితే, "ఔ" అన్నావంట! ఇప్పుడు ఇద్దరు పెద్దమనుషులు వేసవికి నేనొస్తే తమ కూలర్లు చూడాలని ముందే మాట తీసుకున్నారని అమ్మ చెప్పింది. రెండో నేరం అవ్వ మోపింది. ఫోను చేస్తే ఎత్తనని, సీమకు పోయేసరికి మనవడికి పొగరెక్కిందని వీధంతా చెప్తోందంట. ఈ కాయితం టీకొట్టు కాడ ఒకసారి, అవ్వ మంచం పక్కన ఇంకోసారి, గట్టిగా చదువు.

నేను చేసేది కూలర్ పని కాదు. కూలర్ గాలి ఇస్తుంది. నేను గాలి తీస్తా.

మా ల్యాబ్‌లో ఒక పెట్టె ఉంది. ముందరంతా అద్దం లాంటి పలక. దానికి రెండు గుండ్రటి కంతలు, కంతలకు భుజాల దాకా వచ్చే రబ్బరు చొక్కాచేతులు. వాటిలో చేతులు దూర్చి, మణికట్టు దగ్గర గాలి చొరకుండా బిగించుకుని, లోపలున్న గిన్నెల్ని కదిలించాలి. పక్కన చిన్న గది ఉంటుంది. ఏ వస్తువైనా ముందు అందులో పెట్టి, బయటిగాలి పోయిందాకా ఆగి, అప్పుడు లోపలి తలుపు తీయాలి. మన బయట గాలిలో 21 శాతం ఆక్సిజన్ కదా, పెట్టెలో 1 శాతమే ఉంచుతాం. దాని చోట్లో నైట్రోజన్ నింపుతాం. కణాలు తేలే నీళ్ళు పులవకుండా, చౌడెక్కకుండా 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కూడా ఉండాలి. వేడి 37 డిగ్రీలు, మన ఒంటి వేడి. తేమ సరేసరి. దీని ఖరీదులో మనూళ్ళో ట్రాక్టరు, ట్రాలీ కొని ఇంకా మిగలబెట్టుకోవచ్చు. మన దేశం నుంచి ఇంత దూరమొచ్చి, ఇంత సొమ్ము పోసి, ఊరకే దొరికే గాలిని తోసెయ్యడమేందిరా అంటావు. మొదటి వారం నేనూ అదే అనుకున్నా.

అసలు సంగతి ఏందంటే, మనం 21 శాతం పీలుస్తామే గానీ, ఒంట్లోపలి కణాలు దాన్ని ఏనాడూ కంటితో చూడలేదు. ఊపిరితిత్తుల సంచుల్లోకి దిగేసరికే అది 13, 14 శాతమవుతుంది. కండకూ మెదడుకూ చేరేసరికి 3 నుంచి 6 దాకా. ఎముక మూలుగలో ఇంకా తక్కువ. క్యాన్సర్ గడ్డ నడిమధ్యలో ఒక్కోసారి 1 శాతం కూడా ఉండదు. పై కాలువ వాళ్ళు తాగగా మిగిలిందే కదా కింది పొలానికొచ్చేది. అట్లాంటి కణాన్ని తెచ్చి గిన్నెలో పోసి, 21 శాతం గాలిలో కూర్చోబెట్టి, "నువ్వు నీ ఇంట్లో ఎట్లుంటావో చూపించు" అంటే ఏం చూపిస్తుంది? మన పెద్దమామను తెచ్చి ఇక్కడ పెద్ద హోటల్లో మెత్తటి కుర్చీలో కూర్చోబెడితే ఎట్లుంటాడో అట్లుంటుంది. అందుకే ఈ పెట్టె. దానికిది జైలు కాదు నాయనా, పుట్టిల్లు.

ఇక ఫోను ఎత్తని సంగతి. కణం లోపల హిఫ్ అనే ప్రొటీన్ ఒకటుంది. మార్కాపురం పలక గుర్తు చేసుకో. కణం దాని మీద "గాలి చాలడంలేదు" అని రోజంతా రాస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ బాగా ఉంటే తడిగుడ్డలాగా వెంటనే తుడిచేస్తుంది. రాయడం, తుడవడం, రాయడం, తుడవడం. ఆక్సిజన్ తగ్గిందనుకో, తుడిచే చెయ్యి ఆగిపోతుంది, రాత నిలుస్తుంది. దాన్ని చదువుకుని కణం పనులు మొదలుపెడుతుంది. ఎర్ర రక్తకణాలు పెంచమంటుంది, కొత్త రక్తనాళాలు తవ్వమంటుంది. మన వైపు నీళ్ళు అడుగంటితే బోరు బండికి కబురు పోయినట్టే. క్యాన్సర్ గడ్డ కూడా ఇదే చేస్తుంది. గబగబా, అడ్డదిడ్డంగా, కారిపోయే నాళాలు వేయిస్తుంది. ఎన్ని వేసినా దానికి దాహం తీరదు. మన చేలో నాలుగు బోర్లు గుర్తొచ్చాయా?

ఈ పలక గుట్టు విప్పిన ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు. అమెరికాలో గ్రెగ్ సెమెంజా, విలియం కేలిన్, ఇంగ్లండులో పీటర్ రాట్‌క్లిఫ్. "మనోళ్ళెవరూ లేరా?" అని టీకొట్టు కాడ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మెడలో రక్తనాళం చీలేచోట బియ్యపుగింజంత అవయవం ఒకటుంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఊపిరి పెంచమని మెదడుకు కబురంపేది అదే. దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసిన షికాగో ప్రొఫెసర్ పేరు నందూరి ప్రభాకర్. ఇంటిపేరు చూశాక ఇంకా సాక్ష్యాలు అడగరనుకుంటా.

ఇప్పుడు వినమను అవ్వను. పెట్టెలోంచి గిన్నెను బయటికి తీస్తే, ఆ పలక తుడుచుకుపోవడానికి అయిదు నిమిషాలు చాలు. మొదటి నెలలో నేను రెండు రోజులు పెంచిన కణాల్ని బయటికి తీసి, మైక్రోస్కోపు దాకా మోసుకుపోతూ, దారిలో ఒకాయనతో వాన గురించి మాట్లాడుతూ నిలబడ్డా. ఇక్కడ వాన గురించి మాట్లాడకుండా పోవడం మర్యాద కాదు. ఈ వానలో పదో వంతు కంభం చెరువు మీద పడితే బాగుండని నేను, ఎండ పడితే బాగుండని ఆయన. అంతలో పలక నున్నగా అయిపోయింది. ఇంకో తప్పు, ఫ్రిజ్‌లోంచి తీసిన ద్రావకాన్ని సరాసరి పోశా. నీళ్ళలోనూ గాలి కరిగి ఉంటుందని, ప్లాస్టిక్ గిన్నె కూడా గాలిని దాచుకుని మెల్లగా వదులుతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు సీసాలన్నీ ముందురోజే పెట్టెలో పెడతా, అమ్మ పులిహోరకు చింతపండు నానేసినట్టు.

కాబట్టి రెండు చేతులూ లోపల ఉన్నప్పుడు బయటికి తీయకూడదు. నువ్వు రాత్రి ఎనిమిదికి అన్నం తిని ఫోను చేస్తావు, ఇక్కడ అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. సరిగ్గా నేను పెట్టెలో మోచేతుల దాకా మునిగి ఉంటా. ఫోను జేబులో గిలగిలా కొట్టుకుంటుంది. దానికి తోడు, చేతులు లోపలికి పోయిన మరుక్షణం ముక్కు దురద పెడుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు గానీ, తప్పని నియమం. పక్క బల్ల దగ్గర పోర్చుగల్ పిల్ల ఉంటుంది. ముక్కు గోకమని అడగడానికి నాకు తెలిసిన ఇంగ్లీషులో పద్ధతైన మాట దొరక్క, అద్దానికి ముక్కు రాసుకుంటూ గడుపుతున్నా. పెట్టె మీద నా ముక్కు గుర్తు పడిపోయింది.

పెట్టె ఒకటే, జనం ఆరుగురు. అందుకే వారాలు పంచుకున్నాం. నాకు బేస్తవారం వచ్చింది. మా ఊరి పేరులోనే ఆ వారముందని చెప్పినప్పటి నుంచి వీళ్ళు ఆ రోజు పెట్టెకు "బేస్తవారిపేట" అని పేరు పెట్టారు. నోరు తిరగక "బెస్ట్ పేట" అంటారు. సరిదిద్దలేదు, మెచ్చుకోలు లాగే ఉంది కదా.

మొన్న రాత్రి రెండింటికి ఫోను మోగింది. నువ్వు కాదు, పెట్టె. నైట్రోజన్ సిలిండర్ అయిపోతోంది, ఆక్సిజన్ పెరుగుతోందని మొర. తప్పు నాదే, సాయంత్రం ముల్లు చూడలేదు. లుంగీ మీదే కోటు తొడుక్కుని, గొడుగేసుకుని వానలో పరుగెత్తా. కాపలా ఆయన నన్ను కిందినుంచి మీదికి రెండుసార్లు చూశాడు. సిలిండర్ మార్చి, బిగించి, ముల్లు మళ్ళీ 1 దగ్గరికి దిగేదాకా స్టూలు మీద కూర్చున్నా. అప్పుడు గుర్తొచ్చావు నాయనా. అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పోయేవాడివి. ఆ బాధ నీ కొడుక్కు ఉండకూడదని చదివించావు. చదివా. అదే పనిలో ఉన్నా.

అవ్వకు ఇంకో మాట చెప్పు. మనం 1970 దాకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం కదా, ఆ నేలంతా జొన్నల పాతర్ల నేల. తన పుట్టింటి పాతర సంగతి అవ్వ నాకు వందసార్లు చెప్పింది. గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మన్ను మెత్తితే ఏళ్ళు గడిచినా పురుగు ముట్టదని. ఇప్పుడు కారణం తెలిసింది. లోపల గింజలూ పురుగులూ ఊపిరి పీల్చి పీల్చి ఆక్సిజన్ తినేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. గింజ ఓర్చుకుంటుంది, పురుగు చస్తుంది. అంటే అవ్వ పుట్టింట్లో సిలిండరూ ముల్లూ లేకుండా మా పెట్టె ఉండేది.

పాతర తీసిన రోజు వెంటనే ఎవర్నీ దిగనివ్వకుండా, లాంతరును తాడుకు కట్టి దింపేవాళ్ళంట. ఆరితే ఇంకా దిగొద్దని గుర్తు. ఎంత తెలివో చూడు. ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి పడితే మంట ఆరిపోతుంది, మనిషి సొమ్మసిల్లేది అంతకన్నా కిందికి పోయాక. దీపం మనకంటే ముందు పోయి చూసొస్తుందన్నమాట. మా గది గోడకూ ఒక లాంతరుంది, కాకపోతే కరెంటుది. నైట్రోజన్‌కు వాసన ఉండదు, అది కారితే ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి తెలియకుండానే కూలబడతాడు. అందుకని గదిలో ఆక్సిజన్ 19.5 శాతానికి దిగగానే అది కూత పెడుతుంది.

దీపంతో ఇంకో పనీ చేశారు. మలేరియా పురుగును దోమ కడుపులో రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. దాన్ని మనిషి రక్తంలో, గిన్నెలో, ఆగకుండా పెంచడానికి ఇంకో 79 ఏళ్ళు పట్టింది. దానికి మన బయట గాలి మరీ ఎక్కువ. 1976లో అమెరికాలో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సన్ అనే ఇద్దరు దానికి దారి చూపించారు. గిన్నెల్ని ఒక గాజు జాడీలో పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించారు. కొవ్వొత్తి కొంత ఆక్సిజన్ తిని ఆరిపోయింది, పురుగు హాయిగా పెరిగింది. ట్రాక్టరు ఖరీదు పెట్టె పక్కన కూర్చుని ఇది చదివినప్పుడు నాకు అవ్వ నవ్వు వినపడింది.

మరి పెట్టె దండగా అంటే కాదు. కొవ్వొత్తి 1 శాతానికి దింపలేదు, చెప్పినచోట నిలబడలేదు. నాకు కావలసింది సరిగ్గా ఆ 1 శాతమే. ఆక్సిజన్ లేని క్యాన్సర్ కణాన్ని చంపడానికి రేడియేషన్ దాదాపు 3 రెట్లు కావాలి. కరువులో బతకడం నేర్చినవాణ్ణి పడగొట్టడం కష్టం, ఆ సంగతి మన తాలూకాకు ఒకరు చెప్పాలా? ఆ మొండితనం ఎక్కడిదో, ఎట్లా విరుగుతుందో చూడటమే నా పని. టీకొట్టు కాడ "క్యాన్సర్‌కు మందు కనిపెడుతున్నాడు" అని మాత్రం అనకు నాయనా. దానికన్నా కూలర్లే నయం, అవి కనీసం బాగవుతాయి.

బేస్తవారం ఫోను చెయ్యొద్దని రాద్దామనే కూర్చున్నా. రాస్తుంటే మనసు మారింది. చెయ్యి. ఎత్తను, ఎత్తలేను. కానీ జేబులో అది వణికినప్పుడల్లా ఆ పోర్చుగల్ పిల్ల తలెత్తి "బెస్ట్ పేట కాలింగ్" అని కేకేస్తుంది, గది అంతా నవ్వుతుంది. ఆ కాసేపు ముక్కు దురద కూడా మరిచిపోతా.

ఇట్లు,
నీ కొడుకు

తా.క.: ఆవకాయ మీద నూనె నాలుగు వేళ్ళు తేలాలని అవ్వ అమ్మతో ఎందుకు పోట్లాడుతుందో ఇప్పుడు తెలిసింది, గాలి తగలకుండా. ఈ ఒక్క విషయంలో అవ్వదే న్యాయమని అమ్మకు మెల్లగా చెప్పు. జాడీ పంపేటప్పుడు మాత్రం నూనె రెండు వేళ్ళు చాలు. పోయినసారి అది నా చొక్కాలన్నిటికీ గాలి తగలకుండా కాపాడింది.